ఎర్ర చుక్క

రెండవ బోల్టు మొండికేసింది. మేస్త్రి దాని తలమీద రెండు బొట్ల నూనె వేసి, పానా పక్కన పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. రంపపు మిషను సైలెన్సరుకు వేడికి బిగిసిన బోల్టును బలంకొద్దీ తిప్పితే తల విరిగి చేతిలోకి వస్తుంది. మొండెం సిలిండరులోనే ఉండిపోతుంది. దానిని తవ్వి తీయడానికి ఒక పూట పోతుంది. ముప్ఫై ఒక్క సంవత్సరాల వృత్తిలో అతడు అలా పోగొట్టుకున్నవి రెండు పూటలే. ఆ రెండూ పెళ్ళయిన కొత్తలోనివి.

"బావా, నిద్ర బోల్టుకొచ్చిందా, నీకొచ్చిందా?" అన్నాడు బావమరిది, తిరగేసిన నూనెడబ్బా మీద కూర్చొని కాళ్ళూపుతూ.

మేస్త్రి తల ఎత్తలేదు. బావమరిది అదే మాటను కాస్త గట్టిగా మళ్ళీ అన్నాడు.

"నానుతోంది," అన్నాడు మేస్త్రి. "అంత తొందరైతే పళ్ళతో పీక్కో."

"నా పళ్ళు ఇంకో పాతికేళ్ళు రావాలి బావా. అప్పటికి నీవేవీ ఉండవు, ఎవరి పళ్ళతో నవ్వుతావు?"

బావమరిదిది చెట్లు కొట్టే పని. మేస్త్రి భార్యకు స్వయానా తమ్ముడు. నలభై అయిదు దాటినా భుజాలు తలుపు రెక్కల్లా ఉంటాయి. ఎప్పుడో చెక్కపేడు ఎగిరివచ్చి తగలడంతో ఎడమ కనుబొమ్మ సగం పోయింది. ఆ సగం కనుబొమ్మ వలన అతడు ఏమి మాట్లాడినా వేళాకోళంలాగానే ఉంటుంది. నిజానికి చాలావరకు వేళాకోళమే.

మేస్త్రి దుకాణం ఒక సన్నని గది. నేలమీది సిమెంటు నూనె తాగి తాగి నల్లబడి, మెట్టిన చోట్ల మెరుస్తుంది. వీధివైపు షట్టరు, లోపలివైపు తలుపు. ఆ తలుపు దాటితే ఇల్లు. కుడిపక్క గోడనిండా వరుసలుగా మేకులు, మేకుకొక పాత సైలెన్సర్, సైలెన్సరుకొక రేకుబిళ్ళ, బిళ్ళమీద మొలతో గీసిన గుర్తు: దూలాల తాత, అడితి ఆవిడ, కవలల్లో పెద్దవాడు, ఎడమచేతి ఆయన. పేర్లు అడగడం మేస్త్రికి అలవాటు లేదు. అతడినీ ఎవరూ పేరుతో పిలవరు. చుట్టుపక్కల రంపపు మిషను పట్టిన ప్రతివాడికీ అతడు చెవి మేస్త్రి.

కంపెనీనుంచి వచ్చినప్పుడు రంపపు మిషనుకుండే సైలెన్సర్ ఒక మూసిన రేకుడబ్బా. పొగ పోవడానికి దానికి చిటికెనవేలు పట్టేపాటి రంధ్రం ఒక్కటే ఉంటుంది. ముక్కు మూసుకొని బరువు మోసే మనిషిలాగా మిషను రోజంతా ఆ రంధ్రంతోనే నెట్టుకొస్తుంది. మేస్త్రి ఆ డబ్బాను తీసివేసి, వెడల్పు నోటి ఉక్కుగొట్టాన్ని బిగిస్తాడు. దానితో మిషను గొంతు విచ్చుకుంటుంది. గంట పట్టే కోత ముప్పావుగంటలో తెగుతుంది. ఇవి పందేలకూ ప్రదర్శనలకూ వాడేవి కావు. తెల్లవారితే భుజాన వేసుకొని పోయి పొద్దుగూకేదాకా కోసే కూలివాళ్ళ మిషన్లు. ఆ మిగిలిన పావుగంటే వాళ్ళ నడుముకు దక్కే విశ్రాంతి.

అయితే గొట్టం బిగించడం చేతిపని మాత్రమే. అసలు విద్య ఆ తరువాత ఉంది. పొగ సులువుగా పోయే ఇంజను గాలిని ఎక్కువగా పీలుస్తుంది; దానికి తగినంత పెట్రోలు అందకపోతే ఎండి, కాగి, ఉన్నట్టుండి పట్టేస్తుంది. ఎంత అందించాలో ఏ కాగితంమీదా రాసి ఉండదు. మీట పూర్తిగా నొక్కి పట్టుకొని, కార్బొరేటరు పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి చొప్పున వదులు చేస్తూ వినాలి. ఎండిన ఇంజను కీచుమంటుంది. పెట్రోలు అందుతున్నకొద్దీ ఆ కీచు విరిగి, జలుబు చేసిన గొంతులాగా గరగరలాడుతుంది. ఆ గరగర పుట్టిన చోట ఆగిపోవాలి. చెవి మేస్త్రి అన్న పేరు వచ్చింది ఆ చోట ఆగగలిగినందుకే.

బోల్టు కదిలింది. సైలెన్సర్ ఊడివచ్చింది. అది ఊడిన చోట తెరుచుకున్న సిలిండరు కిటికీలోంచి మేస్త్రి టార్చిలైటు వేసి పిస్టను చూశాడు. గీత లేదు, అద్దంలా ఉంది. గొట్టం బిగించి, మిషను బల్లమీద అదిమిపట్టి స్టార్టుచేసి మీట నొక్కాడు. ఆ మోతకు బల్లమీది మరమేకులు చిందులు తొక్కాయి. మేస్త్రి కళ్ళు మూసుకొని, తల కొంచెం ఒరగవేసి, స్క్రూడ్రైవరు తిప్పాడు. ఆగాడు. కళ్ళు తెరిచాడు. చొక్కాజేబులోంచి గోళ్ళరంగు సీసా తీసి, స్క్రూ తలమీద ఒక ఎర్ర చుక్క పెట్టాడు. ఆ చుక్క అతడి ముద్ర. అది చెరిగిందంటే స్క్రూను ఎవరో కదిపారని అర్థం. కదిపిన మిషనుకు తన పూచీ ఉండదని అతడు అందరికీ చెబుతాడు. ఒకప్పుడు ఒక్క సీసా ఏడాదిపాటు వచ్చేది. ఈ మధ్య భార్య నెలకొకటి తెస్తున్నది. అది ఎందుకో అతడు ఆలోచించలేదు.

"చెవితో పెట్టాను. స్క్రూ ముట్టుకోవద్దు."

"ముట్టుకుంటే కళ్ళు పోవూ?" అని బావమరిది లెంపలు వేసుకున్నాడు. తరువాత, అరుదుగా వచ్చే మామూలు గొంతుతో చెప్పాడు. "మూతబడ్డ మిల్లు గోడ పక్కనున్న వాలుచెట్టు బావా ఇవాళ. ముందువైపు గాటు తీశాక వెనకనుంచి కోత ఆగకుండా పోవాలి. మధ్యలో ఆగిందా, బరువుకి మాను నిలువునా చీలి వెనక్కి తంతుంది. కోసేవాడి గుండె ఎత్తుకి సరిగ్గా వస్తుంది ఆ తన్ను. అందుకే నీ గొట్టం."

"ఆగదు," అన్నాడు మేస్త్రి.

బావమరిది ఈ మధ్యే కొన్న ఆ మిషను భుజాన వేసుకొని వీధి మలుపు తిరిగాడు. మేస్త్రి ఊడదీసిన సైలెన్సరుకు బిళ్ళ కట్టి మేకుకు తగిలించాడు. పక్క మేకున ఎడమచేతి ఆయన సైలెన్సర్ ఉంది. అతడు నెలక్రితం వానలో తడుస్తూ వచ్చాడు. ఈ ప్రాంతంవాడు కాదు. దూరపు కొండల్లో కోతకు పోతూ దారిలో ఎవరో చెప్పగా ఆగాడు. కుడిచేతివాటానికి చేసిన మిషనును ఎడమచేత్తో పట్టుకోవడానికి పిడికి సైకిల్ ట్యూబు చుట్టుకున్నాడు. అన్నీ అయ్యాక, బడిలో నిలబడ్డట్టు నిలబడి అడిగాడు.

"ఇంకేమైనా చూసుకోవాలాండీ?"

"అక్కర్లేదు. ఆ చుక్క చెరగనీయకు, చాలు."

"చెరగనివ్వనండీ," అని అతడు చుక్కమీద వానచినుకు పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకొని వెళ్ళాడు. పనిమీద అంత గౌరవం చూపిన మనిషిని మేస్త్రి చాలాకాలం తరువాత చూశాడు. ఆ రోజు భోజనాల దగ్గర భార్యకు చెప్పాడు కూడా.

పది గంటలు కావస్తూండగా ఒక తోటమాలి వచ్చాడు. బట్టతల, మట్టిపట్టిన గోళ్ళు, పెద్ద భవంతి తోటలో కొత్తగా కుదిరినవాడు. రెండు వారాలక్రితం మేస్త్రి దగ్గరే గొట్టం బిగించుకున్నాడు.

"మేస్త్రిగారూ, కొమ్మ కోస్తుంటే టక్కున ఆగిపోయిందండీ. తాడు లాగితే కదలట్లేదు. నేనేం చెయ్యలేదు. మీ చుక్క అలాగే ఉంది, చూడండి."

చుక్క అలాగే ఉంది. మేస్త్రి గొట్టం విప్పి, సిలిండరు కిటికీలోంచి టార్చి వేశాడు. పిస్టను పక్కన నిలువుగా గీతలు. పిల్లి గోళ్ళతో రక్కినట్టు, లోతుగా, వరుసగా. పెట్రోలుతోపాటు పోవలసిన నూనె పోక, లోహం లోహాన్ని కరిచిన గుర్తులు. ఎవరో స్క్రూ కదిపి ఉంటే అతడు రెండు చీవాట్లు పెట్టి పంపేవాడు. కాని చుక్క చెరగలేదు. దానిని అంత బిగువుగా పెట్టి వదిలినది తానే.

"నేలమీద నిలబడి కోస్తున్నా గనక సరిపోయింది," అన్నాడు తోటమాలి. "నిచ్చెన మీదుంటే ఏమయ్యేదో!"

"సాయంత్రం రా," అన్నాడు మేస్త్రి. తన గొంతు తనకే ఎక్కడో పక్కగదిలోంచి వచ్చినట్టనిపించింది.

ఒంటరిగా మిగిలాక అతడు గోడగడియారంవైపు చూశాడు. ఆరునెలలక్రితం అది ఆగిపోయిందనుకొని బ్యాటరీ మార్చబోయాడు. కిందికి దించి చూస్తే సెకన్ల ముల్లు నడుస్తూనే ఉంది; టిక్కుమనడమే లేదు. గడియారం పాతబడి చప్పుడు మానేసిందనుకున్నాడు. అప్పటినుంచి అతడు దానిని సరిగా చూడలేదు. చూడకపోవడానికి కారణం తనకు తెలుసునని ఇప్పుడు తెలిసింది.

బల్లకింద అమ్మకానికున్న పాత మిషనొకటి ఉంది. దానిని పైకి తీసి, గొట్టం తగిలించి, లోపలి తలుపు తట్టాడు. భార్య కుట్టుమిషను ముందునుంచి లేచి, మెళ్ళో టేపుతోనే వచ్చింది.

"ఇక్కడ నిలబడు. మోత మారినప్పుడు చెయ్యెత్తు."

ఎందుకని ఆమె అడగలేదు. మేస్త్రి మీట నొక్కి, స్క్రూ వదులు చేయడం మొదలుపెట్టాడు. వెంట్రుకవాసి. ఇంకొక వెంట్రుకవాసి. అతడికి వినబడుతున్నది ఒకటే మోత. ఎడతెగకుండా, గోడలా, ఎక్కడా పగులు లేకుండా. భార్య చెయ్యి పైకి లేచింది. అతడికి ఏ మార్పూ వినబడలేదు. ఇంకా తిప్పాడు. ఆమె చెయ్యి లేచే ఉంది. మరొక పావు చుట్టు తిప్పినమీదట, ఎక్కడో అడుగున, అరికాలికి తెలిసినట్టుగా ఏదో వణికింది. గరగర ఎక్కడ పుడుతుందో తన చేతికి గుర్తుందనుకున్నాడు. దానిని పోల్చుకోవలసిన చెవి మాత్రం లేదు. లేని గరగరను జ్ఞాపకంలోంచి తెచ్చుకొని, ఇన్నాళ్ళూ అది నిజంగా పుట్టకముందే ఆగుతున్నాడు.

మిషను ఆపి భార్య ముఖం చూశాడు. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు. అన్నిటికన్న ఎక్కువగా అదే అతణ్ణి భయపెట్టింది.

వాలుచెట్టు. ఆగకుండా పోవలసిన కోత. ఆగదని తాను ఇచ్చిన మాట.

ఫోను తీసి బావమరిదికి చేశాడు. మోగుతున్నట్టు తెరమీద ఫోను బొమ్మ ఊగుతూనే ఉంది, అతడు ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. మిషను నడుస్తున్నంతసేపు బావమరిదికి ఏ ఫోనూ వినబడదు. వినబడకుండా చేసింది తాను బిగించిన గొట్టమే. మేస్త్రి స్కూటరు తాళంచెవి కోసం మూడు జేబులూ తడిమి, అది చేతిలోనే ఉండటం చూసి, షట్టరైనా దించకుండా బయలుదేరాడు. వెనుకనుంచి భార్య ఏదో అంటున్నది. అద్దంలో ఆమె పెదవులు కదులుతున్నాయి, ఒక చెయ్యి గాలిలో ఆగమన్నట్టు ఊగుతున్నది. ఏమంటున్నదో అతడికి వినబడలేదు. ఆగలేదు.

మిల్లుకు అరగంట దారి. బండ్లు పక్కనుంచి దాటిపోతున్నప్పుడు మాత్రమే ఉన్నట్టు తెలుస్తున్నాయి. హారన్లు కొట్టి ఉంటారు, ఒకడు కిటికీలోంచి తిట్టాడు కూడా, వాడి పళ్ళు కనబడ్డాయి. మేస్త్రి మనస్సులో కోత నడుస్తున్నది. గాటు తీసి ఉంటాడు. ఇప్పుడు వెనుకవైపు మొదలుపెట్టి ఉంటాడు. చెయిన్ నాలుగు వేళ్ళు దిగి ఉంటుంది. ఇంజను కాగుతూ ఉంటుంది. కాగిన ఇంజను మొదట ఇంకా చురుకుగా పరుగెడుతుంది, కోసేవాడు సంతోషిస్తాడు. ఆ తరువాత ఒక్క క్షణం. సగం తెగిన మాను బరువంతా ఆ మిగిలిన సగంమీద. అక్కడినుంచి ముందుకు అతడి ఊహ పోలేదు. పోబోతే స్కూటరు పక్కకు ఒరిగింది.

మిల్లు ప్రహరీ కనబడగానే రోడ్డు పక్కన ఆపి, ఇంజను కట్టేసి, విన్నాడు.

ఏమీ లేదు.

ఊపిరి బిగబట్టి మళ్ళీ విన్నాడు. వెడల్పు గొట్టం వేసిన మిషను ఇంత దూరంలో నడుస్తుంటే చెవిటివాడికైనా తెలియాలి. ఆ మాట మనస్సులోకి వచ్చిన తరువాత గాని అదేమి మాటో అతడికి తట్టలేదు. మిషను ఆగిపోయిందా? నడుస్తూ ఉండి తనకు వినబడటంలేదా? ఆగిపోతే ఎందుకు ఆగింది? గోడ పైన వాలుచెట్టు కొమ్మలు ఆకాశానికి అడ్డంగా ఉన్నాయి. వాటిలోంచి పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. కొమ్మలు నెమ్మదిగా, ఎవరో తెర లాగినట్టు, పక్కకు వాలి గోడవెనక్కి దిగిపోయాయి. చప్పుడు లేదు. కాసేపటికి కాళ్ళకింద నేల ఒకసారి అదిరింది.

అతడు పరుగెత్తాడు. యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో, చెప్పు ఒకటి జారిపోగా, గోడ చివరివరకు పరుగెత్తి మలుపు తిరిగాడు.

పొట్టుదుమ్ము ఇంకా గాలిలో తేలుతున్నది. మాను తిన్నగా, పడవలసిన చోటనే పడి ఉంది. జట్టులోని అయిదుగురూ కొమ్మల దగ్గరకు పోతున్నారు. ఆరోవాడు కొత్తగా కోసిన మొద్దుమీద కూర్చొని, సీసా ఎత్తిపట్టి నీళ్ళు తాగుతున్నాడు. సగం కనుబొమ్మ నిండా రంపపు పొట్టు.

మేస్త్రి నిలబడ్డచోటనే చతికిలబడ్డాడు.

"ఏంటి బావా, చెప్పు ఏది?" అంటూ బావమరిది లేచి వచ్చాడు. మేస్త్రి ముఖం చూసి ఇంకొక వేళాకోళం వెయ్యబోయి మానుకున్నాడు.

"మిషను... బిగువుగా పెట్టాను... వినబడలేదు నాకు..."

బావమరిది అతడి పక్కన నేలమీద కూర్చున్నాడు. తరువాత ప్యాంటుజేబులోంచి ఒక చిన్న సీసా తీసి ఇద్దరి మధ్యా నేలమీద పెట్టాడు. గోళ్ళరంగు. అదే ఎరుపు.

"మలుపు తిరగ్గానే పావు చుట్టు వదులు చేసుకుంటాం బావా," అన్నాడు, అతడి చెవికి దగ్గరగా వంగి. "అందరం. చేసి మళ్ళీ చుక్క పెట్టేస్తాం. నువ్వు చూస్తే నొచ్చుకుంటావని."

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండో ఏడు."

"మీ అక్కకు..."

"సీసాలు కొనిచ్చేది ఎవరనుకున్నావ్?" బావమరిది నవ్వబోయాడు. "ఆరుగురం మీసాలవాళ్ళం, ఆరుగురి జేబుల్లోనూ గోళ్ళరంగు. మా ఆవిడకి మొదట దొరికినప్పుడు రెండు రోజులు నాకు అన్నం పెట్టలేదు తెలుసా?"

మేస్త్రి నవ్వలేదు. కొమ్మల దగ్గర నిలబడి చూస్తున్న అయిదుగురూ చూపులు తిప్పుకున్నారు. ముప్ఫై ఒక్క సంవత్సరాల పేరు. అందులో చివరి రెండేళ్ళూ వీళ్ళు తనకు పెట్టిన భిక్ష. ఆ సిగ్గు అతడిలో తల ఎత్తింది గాని నిలబడలేదు. దాని వెనుకనే మరొకటి వచ్చి దానిని పక్కకు నెట్టేసింది.

"కొత్తవాడికి ఎవరు చెబుతారు?" అన్నాడు.

"ఏంటి?"

"నా దగ్గరకి కొత్తగా వచ్చినవాడికి. చుక్క చెరిపి స్క్రూ తిప్పుకోమని ఎవరు చెబుతారు?"

బావమరిది ముఖంమీది నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది. "తెలిసినవాళ్ళు చెబుతారు."

"తెలిసినవాళ్ళు లేనివాడికి?"

బావమరిది లేచి, జారిపోయిన చెప్పు వెదికి తెచ్చి అతడి కాలి దగ్గర పెట్టాడు.

ఇద్దరూ దుకాణానికి తిరిగివచ్చేసరికి మధ్యాహ్నం ఎండ షట్టరు లోపలికి సగందాకా వచ్చి ఉంది. భార్య లోపలి గడపలో నిలబడి ఉంది. తమ్ముణ్ణి చూడగానే, "నేను చెబుతూనే ఉన్నాను. వాడు సరిచేసుకుంటాడు, వెళ్ళొద్దు అని వీధి చివరిదాకా అరిచాను," అన్నది. ఆ మాటను బావమరిది మళ్ళీ మేస్త్రి చెవిలో చెప్పవలసివచ్చింది.

గోడమీద ముప్ఫై ఏడు సైలెన్సర్లు ఉన్నాయి. పొద్దున్నదాకా అవి మేస్త్రికి తన పనితనపు వరుస. ఇప్పుడు ఒక్కొక్క బిళ్ళ దగ్గరా ఆగి, వేలు పెట్టి, బావమరిది ముఖంలోకి చూస్తున్నాడు.

"దూలాల తాత?"

"తెలుసు. నాకు నేర్పిందే ఆయన."

"కవలలు?"

"ఇద్దరికీ తెలుసు."

వరుస తరువాత వరుస. తెలుసు. తెలుసు. ఆ మాట అన్న ప్రతిసారీ మేస్త్రికి ఒక ప్రాణం గట్టెక్కినట్టూ, ఒక దెబ్బ తగిలినట్టూ ఉంది. తోటమాలి బిళ్ళ వచ్చింది. అతడి సంగతి పొద్దున్నే తేలిపోయింది. అడితి ఆవిడ బిళ్ళ దగ్గర బావమరిది తల గోక్కున్నాడు. కట్టెల అడితి నడిపే ఆ పెద్దావిడ ఎవరితోనూ మాట కలపదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. బావమరిది వెంటనే ఫోను చేశాడు. ఆమె గొంతు ఫోను బయటికి కూడా వస్తున్నదని అతడు ఫోను చెవికి దూరంగా పట్టుకోవడం చూసి మేస్త్రికి తెలిసింది.

"నడుంనొప్పట. నెలనుంచి మిషను ముట్టుకోలేదట. పనీపాటా లేక ఫోన్లు చేస్తున్నామని తిడుతోంది."

మేస్త్రి ఆ తిట్లకు మనస్సులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

ఇక ఒకటే మిగిలింది. ఎడమచేతి ఆయన. బావమరిది ఆ బిళ్ళను అటూ ఇటూ తిప్పాడు. "ఈయన నాకు తెలీదు బావా. ఎవరి జట్టు?"

"దారినపోతూ వచ్చాడు."

"చుక్క సంగతి..."

"చెరగనీయనన్నాడు."

బిళ్ళ వెనుక ఫోను నంబరు ఉంది. బావమరిది ఒక్కొక్క అంకె నొక్కుతుంటే మేస్త్రి అతడి ముఖాన్నే చూస్తూ నిలబడ్డాడు. వినబడని మనిషికి ముఖమే దిక్కు. ఎవరో ఎత్తారు. "అమ్మా, ఆయన ఉన్నారా?" అన్నట్టు బావమరిది పెదవులు కదిలాయి. తరువాత అతడు వింటున్నాడు. వింటూ, వింటూ, గోడవైపు తిరిగిపోయాడు. మేస్త్రికి అతడి వీపు మాత్రమే మిగిలింది. ఆ వీపు తలుపు రెక్కలంత వెడల్పుది, మెల్లగా కిందికి దిగుతున్నది.

అతడు ఫోను పెట్టేశాడు.

"చెప్పు," అన్నాడు మేస్త్రి.

"ఆయన భార్యట." బావమరిది దగ్గరకు వచ్చి, చెవిలో కాక, ఎదురుగా నిలబడి, పెదవులు తెలిసేట్టు ఒక్కొక్క మాటా చెప్పాడు. "పదకొండు రోజులైందట బావా. కొండమీద. మాను చీలిందట."

"మధ్యలో ఆగిందా?"

"ఆవిడకి ఆ సంగతులు తెలీవు. చెట్టు చీలిందని మాత్రం చెప్పారట."

"మిషను ఎక్కడుంది? చూస్తే తెలుస్తుంది. పిస్టను చూస్తే తెలుస్తుంది."

"మానుకింద నుజ్జయిపోయిందట. అక్కడే పారేశారట." బావమరిది ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అందరి చెట్లూ చీలుతాయి బావా. గొట్టం లేనివాళ్ళవి కూడా."

మేస్త్రి తల ఊపాడు. చీలుతాయి. మిషను ఆగి ఉండవచ్చు, ఆగకపోయి ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పగల గీతలు ఒక్క పిస్టను పక్కన ఉన్నాయి, లేదా లేవు. ఆ పిస్టను ఏ లోయలోనో మట్టిలో కూరుకుపోతున్నది. ఇక ఎప్పటికీ తెలియదు. రేపు తెలియదు, ఎల్లుండీ తెలియదు. పొద్దున్న దారిపొడుగునా పడ్డ భయానికి గోడ మలుపున ఒక అంతం ఉండింది. దీనికి మలుపు లేదు.

"ఎవరు మాట్లాడుతున్నారని అడిగింది," అన్నాడు బావమరిది. "ఆయన సామానొకటి మా దుకాణంలో ఉండిపోయిందన్నాను. ఏం సామానంది. సైలెన్సరన్నాను. అది ఇంకా పనికొస్తుందా అని అడిగింది."

"ఏమన్నావు?"

"పనికొస్తుందన్నాను."

మేస్త్రి బల్ల దగ్గరకు వెళ్ళి, పిడి అరిగిన చిన్న స్క్రూడ్రైవరును గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. దానిని బావమరిది చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. బావమరిది ఏదో అని దానిని తిరిగి ఇచ్చేస్తాడేమోనన్నట్టు ఒక క్షణం అతడి పిడికిలిని తన పిడికిలితో పట్టుకొని ఉంచాడు. తరువాత చొక్కాజేబులోని గోళ్ళరంగు సీసా తీసి గడపలో ఉన్న భార్యకు ఇచ్చాడు. ఆమె ఏదో అన్నది. ఆమె పెదవులను అతడు అంత శ్రద్ధగా చూడడం పెళ్ళినాటి తరువాత అదే మొదటిసారి కావచ్చు. లోపలికి రండి అన్నది. వెళ్ళాడు.

ఆ తరువాత అతడు దుకాణంలో అడుగుపెట్టలేదు. బావమరిది అందరికీ కబురు చేశాడు. వారం రోజులపాటు ఒక్కొక్కరే వచ్చి, బావమరిది చేత గొట్టం విప్పించుకొని, తమ సైలెన్సరును బిగించుకొని పోయారు. బిగిస్తున్నంతసేపు లోపలి తలుపువైపు చూసేవారు. మేస్త్రిని పిలవమని ఎవరూ అడగలేదు. అడితి ఆవిడ మాత్రం వచ్చి, నడుము పట్టుకొని తిడుతూనే, లోపలికి వినబడేలా మేస్త్రి కులాసా అడిగి వెళ్ళింది. మేకులు ఖాళీ అయ్యాయి. సైలెన్సర్లున్నచోట గోడమీద తెల్లని గుండ్రాలు మిగిలాయి.

చివరిరోజు బావమరిది షట్టరు దించుతూ ఒకసారి లోపలికి చూశాడు. ఖాళీ వరుసల మధ్య ఒక మేకున, రేకుబిళ్ళతో, ఎడమచేతి ఆయన సైలెన్సర్ ఇంకా వేలాడుతున్నది. కొత్తది, మసి పెద్దగా పట్టనిది, చిటికెనవేలు పట్టేపాటి ఒక్క రంధ్రంతో.